అంచున ఆగని వేడి

గంగ తాళం తీసి ఫిజిక్స్ ల్యాబులోకి వెళ్లేసరికి కిటికీ అద్దాలు ఇంకా మంచుకు మసకబారి ఉన్నాయి. చేతులు కొంగుకు తుడుచుకుని, మూలనున్న కంప్యూటర్ మీది దుప్పటి తీసింది. అరకులో కరెంటు కొత్తల్లుడి లాంటిది, ఎప్పుడు అలుగుతుందో చెప్పలేం. అందుకే కాలేజీ గంటకు ముందే లెక్క మొదలుపెట్టడం పదేళ్లుగా ఆమెకు అలవాటు.

ఆమె గెస్ట్ లెక్చరర్. నలభైకి దగ్గరపడిన మనిషి. సన్నగా, కాస్త ముందుకు వంగి నడుస్తుంది. పాఠం చెప్పేటప్పుడు తప్ప గొంతు పైకి లేవదు. పెళ్లి మాట ఎత్తినవాళ్లకు థీసిస్ అయ్యాక చూద్దామనేది, చివరికి వాళ్లే ఎత్తడం మానేశారు.

థీసిస్ దేనిగురించో ఊళ్లో తల్లి సోములమ్మ ఒక్కదానికే తెలుసు. సూర్యుడిలో ఉండేటువంటి నిప్పును గారె ఆకారపు గదిలో, అయస్కాంతాల బలంతో, గోడలకు తగలకుండా నిలబెట్టాలని దేశదేశాలవాళ్లు తంటాలు పడుతున్నారు. ఆ నిప్పు అంచున సుడులు లేచి, వేడిని ముద్దలు ముద్దలుగా గోడ మీదికి విసిరేస్తాయి. అంబలి కుండ పొంగినట్టే కదా అంది సోములమ్మ. దాదాపు అంతే అంది గంగ.

అయస్కాంతాల అమరిక కొద్దిగా మారిస్తే ఆ సుడులు అణిగి, వేడి లోపలే నిలుస్తుందని గంగ లెక్కల్లో తేలింది. థీసిస్ మొత్తం ఆ ఒక్క మాట మీదే నిలబడింది. ఈ రోజుతో ఆమె కాంట్రాక్టు అయిపోతుంది. సాయంత్రంలోగా థీసిస్ యూనివర్సిటీకి పంపితే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే లేదు. గైడు సన్యాసిరావు గారు సంతకం కూడా పెట్టేశారు.

అన్నీ అయిపోయాయనుకున్నాక, కిందటి వారం ప్రోగ్రామును చివరిసారి చూస్తుంటే ఒక సంఖ్య కంటపడింది. థీసిస్ పని మొదలెట్టిన ఏడు వానాకాలంలో తనే పెట్టింది. కరెంటు పోయేలోగా పని పూర్తవాలంటే లెక్క పెద్ద పెద్ద అంగలు వేయాలి. పెద్ద అంగలు వేస్తే చెదిరిపోతుంది. చెదరకుండా సుడులను బలవంతాన అణిచిపెట్టే సంఖ్య అది. నాలుగు రోజులకని పెట్టి, తీయడం మరిచిపోయింది. మరి సుడులను అణిచింది అయస్కాంతాలా, ఈ సంఖ్యా? అప్పట్నుంచి ఆమెకు అన్నం సయించలేదు. ఆదివారం ఊరెళ్లి, మిరియాలు ఆరబోస్తున్న తల్లి పక్కన కూలబడి మొత్తం చెప్పేసింది.

ఇప్పుడా సంఖ్య తీసేసి, చిన్న చిన్న అంగలతో లెక్క నడిపించింది. క్లాసుకెళ్లి కటకాల పాఠం చెప్పింది. బోర్డు వైపు తిరిగినప్పుడల్లా కొండదేవతకు మొక్కుకుంది. సైన్సు చెప్పేదాన్ని ఇదేం పని అనుకోలేదు. ఏ దిక్కూ లేనివాళ్లకు ఎవరైనా ఒకటే.

మధ్యాహ్నానికి లెక్క తేలింది. తెర మీద నిప్పు కాసేపు నిలకడగానే ఉంది. తర్వాత అంచు వణికింది. ఒక ముద్ద విడివడి గోడ వైపు నడిచింది, దాని వెనక ఇంకొకటి. లోపలికి పొమ్మన్నట్టు గంగ ఆ ముద్దను వేలితో అదిమింది. అది వేలి కిందనుంచే వెళ్లి గోడకు తగిలింది. అయస్కాంతాలు అణిచిందేమీ లేదు. పదేళ్ల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరయింది.

సిగ్నల్ అందే వరండా చివరకు వెళ్లి సన్యాసిరావు గారికి ఫోన్ చేసింది. పార్వతీపురం మనిషి, చెడ్డవాడు కాడు, వచ్చే నెలలో రిటైరవుతున్నాడు. ఆయన తర్వాత ఆ యూనివర్సిటీలో ఈ పని చూసేవాళ్లే లేరు. గంగ జరిగిందంతా చెప్పింది.

"పంపీయమ్మా," అన్నాడు. "ఆ నంబరు సంగతి నీకూ నాకూ తప్ప ఎవులికి తెల్సు?"

"మాయమ్మకి తెల్సు సార్."

"ఆవిడకేటి తెలుస్తాదమ్మా?"

"కుండ మూత నానే అదిమి పట్టుకున్నానని తెల్సింది సార్."

ఆరోగ్యం చూసుకోమని చెప్పి ఆయన ఫోన్ పెట్టేశాడు. ఆయన ఇంకొక్కమాట బలవంతపెడితే పంపేసేదాన్నేమో అని గంగకు తనమీద తనకే భయం వేసింది.

ల్యాబు తాళాలు అటెండర్ రత్నాలు చేతిలో పెట్టింది.

"రేపు బేగొచ్చీగలరా మేడం, ఊడిసి ఉంచుతాను," అంది రత్నాలు.

"రేపట్నించి రాను రత్నాలూ."

పోయేముందు ప్రిన్సిపాల్‌ను ఒకే ఒక్కటి కోరింది, వరండాలో పటం కట్టి తగిలించిన తన పాత లెక్క బొమ్మను తీసేయమని. అది తప్పండీ అంది. ఆయనకు ఆ మాట తలకెక్కలేదు. కాలేజీకి వచ్చినవాళ్లకు చూపించుకోవడానికి అదొక్కటే ఉందమ్మా అన్నాడు. గంగ చెప్పులేసుకుని, తలవంచుకుని ఆఖరి బస్సెక్కి ఊరికి వెళ్లిపోయింది.

కాలేజీ గుమ్మానికెదురుగా, అద్దం బిగించిన చట్రంలో, ఎర్రటి నిప్పు చుట్టూ ఎక్కడా చెదరని నీలి అంచు, దాని కింద గంగ పేరు.