ఖాళీ బకెట్లో తొలి ధార

ఖాళీ బకెట్లో తొలి పాలధార పడితే ఒక మోత వస్తుంది.

చుంయ్...

రెండో ధారకు ఆ మోత కాస్త తగ్గుతుంది. మూడో ధారకు ఇంకాస్త. అడుగున పాలు నిలిచి నురగ కట్టాక ఇక మోత ఉండదు, మెత్తటి చప్పుడే. కానీ ఆ మొదటిది — వట్టి స్టీలు మీద వెచ్చటి పాలు తగిలినప్పటిది — అది వింటేనే ఎల్లేష్‌కు తెల్లారేది. గౌలిపురలో పాలవాళ్ల ఇంట పుట్టినవాడు మరి. కోడి కూసినా, అజాన్ వినిపించినా, సూర్యుడే వచ్చి తలుపు తట్టినా అతనికి తెల్లారినట్టు కాదు.

ఇప్పుడు మేడ మీది గదిలో, మంచం మీద వెల్లకిలా పడుకుని, ఆ మోత కోసం చెవులు రిక్కించాడు.

కింద కొట్టంలో బకెట్ పెట్టిన చప్పుడు.

పీట జరిపిన చప్పుడు.

భార్య సుందరమ్మ గాజుల చప్పుడు.

తర్వాత... ఏమీ లేదు.

పిట్టగోడ మీద పావురాలు గుటగుటమన్నాయి. సందులోంచి ఒక ఆటో దగ్గుతూ వెళ్లింది. కింద సుందరమ్మ బతిమాలుతోంది.

"చేపవే... నా తల్లి గదా... చేపవే బిజిలీ..."

బర్రె తన పాలను పొదుగులోంచి చన్నుల్లోకి వదలడమే చేపడం. పిండేవాళ్ల చేతిలో ఏముంది? బర్రెకు మనసైతేనే చేపుతుంది. బిజిలికి మనసు కాలేదు. బలవంతాన పిండితే చెంబెడు పాలు, అవీ చుక్కలు చుక్కలుగా. చుక్కలకు మోత ఉండదు.

గదిలో మాత్రం ఒక చప్పుడు ఆగకుండా వస్తోంది.

టిక్... టిక్... టిక్...

అది ఎల్లేష్ గుండె. చెడిపోయిన వాల్వు తీసేసి లోహపు వాల్వు పెట్టారు. అది మూసుకున్నప్పుడల్లా అలా అంటుంది. ఇంటికి వచ్చిన రోజు కూతురు సుజన పక్కన కూర్చుని ఆ చప్పుడు విని గోడ గడియారం వైపు చూసింది. గడియారం ఎప్పుడో ఆగిపోయింది. అప్పుడు తండ్రి ఛాతీ వైపు చూసింది. అతని కాళ్ల మీదికి దుప్పటి లాగింది.

ఆషాఢంలో, బోనాల డప్పులు మోగుతుండగా ఆస్పత్రికి వెళ్లాడు. ఆపరేషన్ అయ్యాక తొందరగానే పంపిస్తామన్నారు.

పంపలేదు.

ఛాతీ ఎముకను కలిపి కుట్టిన చోట చీము పట్టింది. మళ్లీ తెరిచారు. కడిగారు. మూశారు. జ్వరం దిగలేదు. ఊపిరి ఆడలేదు. అతని బదులు మిషన్ ఊపిరి తీసింది. నోట్లో గొట్టం ఎక్కువ కాలం ఉంచకూడదని గొంతు కింద రంధ్రం చేసి అక్కడ పెట్టారు. బయట వానలు వచ్చి పోయాయి. వినాయకులు మూసీ దాటి పోయారు. బతుకమ్మ పూలు నీళ్లలో కలిసి పోయాయి.

అతను పోలేదు. చావు గడప దాకా వెళ్లి, లోపల బర్రెలు లేవని తెలిసి తిరిగొచ్చాడని సుజన ఇప్పుడు నవ్వుతూ చెబుతుంది. అప్పుడు నవ్వలేదు.

గొట్టం తీశారు. రంధ్రం పూడింది.

గొంతు రాలేదు.

నోరు తెరిస్తే గాలి. "నీళ్లు" అంటే గాలి. "సుజనా" అంటే గాలి. డాక్టరమ్మ మంచిది, అబద్ధం చెప్పలేదు. "గొంతు నరం దెబ్బతిన్నది పెద్దాయనా. రావచ్చు, రాకపోవచ్చు. టైం ఇయ్యాలె" అంది.

మాట పోతే పోయింది. ఎల్లేష్ మాటకారి ఎన్నడూ కాదు. అతనికి కావలసింది ఒక్క కూత.

పాలవాళ్లలో ఒక్కో ఇంటికి ఒక్కో కూత. పిండే ముందు బర్రె పక్కన కూర్చుని, దాని డొక్కకు నుదురు ఆనించి, ఆ కూత తీస్తారు. ఎల్లేష్ ఇంటి కూతలో మాటలు లేవు. హో... అని మొదలవుతుంది. ముక్కులోకి జారుతుంది. అక్కడే కాసేపు తిరుగుతుంది. చివరికి తేనెటీగ దూరం వెళ్లిపోయినట్టు సన్నబడి ఆగుతుంది. తండ్రి నేర్పింది లేదు. విని విని వచ్చింది.

బిజిలి తొలి ఈతలోనే దాని దుడ్డె చనిపోయింది. పొదుగు నిండా పాలు. చేపదు. చనిపోయిన దుడ్డె తోలులో గడ్డి కూరి ముందు నిలబెడితే చేపుతుందని పక్క కొట్టం కృష్ణయ్య చెప్పాడు. కొందరు అలా చేస్తారు. ఎల్లేష్‌కు చేతులు రాలేదు. డొక్కకు నుదురు ఆనించి కూర్చున్నాడు. కూత తీశాడు. తీస్తూనే ఉన్నాడు. పొద్దెక్కింది. గొంతు బొంగురుపోయింది. అప్పుడు పడింది ఆ మోత.

చుంయ్...

ఆనాటి నుంచి బిజిలి ఆ గొంతుకు తప్ప ఎవరికీ లొంగలేదు. "నీకు ఇద్దరు పెండ్లాలు భాయ్, చిన్నామె మస్తు జోరుగున్నది" అని కృష్ణయ్య ఆటపట్టించేవాడు. సుందరమ్మ కూడా నవ్వేది.

అతను ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ సుందరమ్మ ఒక ఉపాయం నడిపింది. కొట్టంలో మేకుకు అతని తువ్వాల వేలాడేది. తవుడు, చెమట, పేడ, పాలు — అన్నీ ఇంకిపోయిన పాత గళ్ల తువ్వాల. దాన్ని తలకు చుట్టుకుని, అతని చొక్కా తొడుక్కుని, బిజిలి పక్కన కూర్చునేది. బిజిలి తల తిప్పేది. వాసన చూసేది. ఏదో తేడా ఉందని అనుమానపడేది. ఆఖరికి సగం మనసుతో చేపేది.

సాయంత్రం ఆస్పత్రికి వెళ్లి అతని చెవిలో చెప్పేది. "ఇయ్యాల గూడ నీ చిన్న పెండ్లాన్ని మోసం జేసిన. నీ తువ్వాలనే నువ్వనుకుంటున్నదయ్యా. జల్ది రా."

గొంతులో గొట్టంతో, ఎల్లేష్ కళ్లతో నవ్వేవాడు. సగం మందులు బతికించాయి, సగం ఆ కబురు బతికించింది.

అలాంటి సుందరమ్మే ఒక పొరపాటు చేసింది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ గట్టిగా చెప్పింది — మళ్లీ చీము పడితే మా చేతుల్లో ఉండదు, అంతా శుభ్రంగా ఉంచండి అని. సుందరమ్మ గడగడలాడిపోయింది. గదికి సున్నం వేయించింది. మెట్లు కడిగింది. కొట్టం కడిగింది. మంచం కోళ్లను కూడా డెట్టాల్ నీళ్లతో తుడిచింది. అతని బట్టలన్నీ కాగులో వేసి ఉడకబెట్టింది. ఆ ఊపులో చొక్కా వెళ్లింది. మేకుకున్న తువ్వాల కూడా వెళ్లింది.

దీపావళి ముందు అతన్ని ఇంటికి తెచ్చారు. గుమ్మంలో ఎర్రనీళ్లతో దిష్టి తీశారు. మేడ ఎక్కించారు. కింద సుందరమ్మ ఉడికి తెల్లబడిన ఆ గళ్ల తువ్వాల చుట్టుకుని పీట మీద కూర్చుంది.

బిజిలి వాసన చూసింది.

ఒక అడుగు వెనక్కి వేసింది.

బకెట్‌ను ఒక్క తన్ను తన్నింది.

అతను ఇంటికి వచ్చిన పూటే, బిజిలి దగ్గర నుంచి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి సుందరమ్మ ఏడ్చి, ముక్కు తుడుచుకుని, తువ్వాల తెచ్చి అతని మెడకు చుట్టింది. "దీంతోనే పండుకో. చెమట పట్టనియ్యి." ఎల్లేష్ దుప్పటి మీద దుప్పటి కప్పుకుని చెమట కోసం ఎదురు చూశాడు. పట్టింది. పొద్దున ఆమె ఆ తువ్వాలను రెండు చేతులతో పట్టుకుని, ప్రసాదం తీసుకెళ్లినట్టు కిందికి తీసుకెళ్లింది.

బిజిలి మొహం తిప్పుకుంది.

ఇప్పుడు అతని చెమట కూడా మందుల వాసనే.

దీపావళి వెళ్లగానే పాలవాళ్ల పండుగ సదర్ వచ్చింది. దున్నలను కడిగి, నూనె రాసి, గవ్వల పట్టీలు కట్టి, కొమ్ములకు నెమలీకలు చుట్టి ఊరేగించారు. ఎల్లేష్ పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాడు. ఊరేగింపు అతన్ని చూసి ఆగింది. డప్పులు ఆగాయి.

"ఎల్లేషన్నా! ఒక్క కూత! ఒక్కటే!"

నోరు తెరిచాడు.

గాలి.

కింద వాళ్లు కాసేపు పైకే చూశారు. తర్వాత ఎవరో డప్పు మీద గట్టిగా ఒక దెబ్బ వేశారు — పాపం, మంచికే. ఊరేగింపు కదిలింది. పావురాలు లేచి, ఒక చుట్టు తిరిగి, మళ్లీ పిట్టగోడ మీద వాలాయి.

కూత కావాలి. అన్నం సయించకపోయినా సరే. నడక రాకపోయినా సరే. మాట అసలే వద్దు. ఒక్క కూత కావాలి... ఎంత కావాలంటే, కుట్ల కింద ఎముక నొప్పి కన్నా ఎక్కువగా అదే నొప్పి.

బిజిలి పొదుగు గట్టిపడింది. వేడెక్కింది. కృష్ణయ్య వచ్చి చూశాడు. "సూదియ్యి వదినా. ఒక్క సూదికి చేపుతది. ఫికర్ జెయ్యకు."

పైనుంచి విన్న ఎల్లేష్ స్టీలు గ్లాసుతో మంచం పట్టెను ధనధన కొట్టాడు. వద్దని చెప్పడానికి అతనికి మిగిలిన గొంతు అదే. సూది అంటే ఏమిటో అతని చేతులను అడగాలి, ఇంకా నల్లగా కమిలే ఉన్నాయి.

సుందరమ్మ తమ్ముడు అంజన్‌కు శంషాబాద్ అవతల కొట్టం ఉంది. అక్కడ మంద మధ్య, దుడ్డెల మధ్య ఉంటే చేపుతుందేమో అన్నాడు. ఆదివారం బండి తెస్తానన్నాడు.

"పోనియ్యయ్యా," అంది సుందరమ్మ, అతని కాళ్ల దగ్గర కూర్చుని. "గొడ్డు గోస జూడలేకపోతున్న. నిన్ను కిందికి పంపలేను. నేనేం జెయ్యాలె చెప్పు?"

ఆమె పంపలేని మాట నిజమే. వాల్వు కోసం రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నాడు. పశువు ఒక్క తన్ను తన్నిందంటే లోపల కారే రక్తం ఆగదని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. పాలిచ్చే బర్రె తన్నినా పడాలంటారు. ఎల్లేష్ జీవితమంతా పడ్డాడు. మోకాలి మీద మచ్చ ఉంది, తొడ మీద మచ్చ ఉంది. ఇప్పుడు మాత్రం ఒక్క తన్నుకు కూడా ఒంట్లో చోటు లేదు.

కానీ బిజిలి వెళ్లిపోతే, ఆ కూత కోసం ఎదురుచూసే చెవి ఇక ఈ ఇంట్లో ఉండదు. తర్వాత ఎప్పుడో గొంతు వచ్చినా... ఎవరి కోసం?

శనివారం సాయంత్రం. సుజన పత్తర్‌గట్టిలో బట్టల దుకాణంలో పనికి పోయింది. సుందరమ్మ మందులు తేవడానికి సందు చివరికి వెళ్లింది. ఎల్లేష్ లేచాడు. దగ్గు వచ్చినప్పుడు ఛాతీకి అదుముకోమని ఆస్పత్రిలో ఇచ్చిన చిన్న దిండును ఒక చేత్తో హత్తుకున్నాడు. రెండో చేత్తో గోడ పట్టుకున్నాడు. డాక్టరమ్మ చెప్పిందంతా ఆ పూట దున్నపోతు మీద వాన అయిపోయింది.

మెట్టు. ఊపిరి.

మెట్టు. ఊపిరి.

కొట్టం వాకిట్లో ఆగాడు. తవుడు వాసన. తడి నేల వాసన. దాని కింద డెట్టాల్ వాసన, ఇంకా పోలేదు. బిజిలి గుంజ దగ్గర నిలబడి తల తిప్పింది.

ఎన్ని రోజులైంది ఆ కళ్లను చూసి!

దగ్గరికి వెళ్లాడు. బిజిలి ముట్టె చాచి అతని ఛాతీని వాసన చూసింది. బుస్సుమంది. పలుపు బిగిసేదాకా వెనక్కి జరిగింది.

కూత తీయబోయాడు.

గాలి.

టిక్... టిక్... టిక్...

"ఏందయ్యా గిది!" వెనక సుందరమ్మ గొంతు. మందుల కవరు కింద పడింది. "సావాలనున్నదా నీకు? గందుకేనా నిన్ను బతికించుకున్నది?"

ఎల్లేష్ బకెట్ వైపు చూపించాడు. తర్వాత దిండును చంకలో ఇరికించుకుని రెండు చేతులూ జోడించాడు.

సుందరమ్మ అతన్ని చాలాసేపు చూసింది. కోపంగా చూసింది. భయంగా చూసింది. ఆస్పత్రిలో చెవిలో కబురు చెప్పేటప్పుడు ఎలా చూసేదో, చివరికి అలా చూసింది.

"ఎనుకకు రాకు," అంది. "మెడ కాడనే నిలబడు. కాలు అందని కాడ. నేను పిండుత."

పీట వేసుకుంది. అతనికీ బిజిలి వెనక కాలికీ నడుమ తనే కూర్చుంది. తన్నితే ముందు తనకే తగలాలి.

ఎల్లేష్ దిండును ఛాతీకి అదుముకుని బిజిలి మెడకు నుదురు ఆనించాడు. వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనానికే కళ్లు నిండాయి. నోరు తెరిచాడు. హో... అనాల్సిన చోట గాలి. ముక్కులోకి జారే చోట గాలి. అక్కడ తిరిగే చోట గాలి. కూత పోయింది కానీ అది నడిచే దారి అతనికి తెలుసు. ఆ దారిలోనే గాలిని పంపాడు. బిజిలి చెవిలోకి.

మళ్లీ.

మళ్లీ.

చెవి కదిలింది.

టిక్... టిక్...

చెవి అతని ఛాతీ వైపు తిరిగింది. గాలిని వింటోందో, వాల్వును వింటోందో. వెనక కాలు లేచింది. సుందరమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది, కదల్లేదు. కాలు గాల్లో కాసేపు ఉంది.

నేల మీద ఆనింది.

"చన్ను మెత్తగ తగుల్తున్నదయ్యా..." సుందరమ్మ గుసగుసలాడింది. "ఆపకు. ఆపకు."

ఆపలేదు. కళ్లు తిరుగుతున్నాయి. కుట్లు లాగుతున్నాయి. అయినా ఆపలేదు. పైన పిట్టగోడ మీద పావురాలు రాత్రికి సర్దుకుంటున్నాయి. రేపు అంజన్ బండి వస్తుంది.

చుంయ్...

ఒక్కటి.

సుందరమ్మ చెయ్యి అక్కడే ఆగిపోయింది. బిజిలి తల తిప్పి అతన్ని చూసింది. గుర్తుపట్టిందని చెప్పడానికి లేదు. వెనక్కి మాత్రం జరగలేదు.

వట్టి స్టీలు మీద ఆ మోత మోగి, కొట్టం గోడలకు తగిలి, తేనెటీగ దూరం వెళ్లిపోయినట్టు సన్నబడి... ఆగింది.

ఎల్లేష్ మళ్లీ గాలి నింపుకున్నాడు. రెండో ధారకు ఆ మోత కాస్త తగ్గుతుంది. ఆ తగ్గిన మోత కోసం ఇద్దరూ చెవులు రిక్కించి ఉన్నారు.