రాఘవమ్మ వెంట వచ్చిన మంచు

పొద్దున్నే అన్నయ్య సైకిలు వెనక కూర్చుని అంగలకుదురు నుంచి తెనాలి స్టేషనుకి రావడం, రేపల్లె బండి ఎక్కడం, కిటికీ పక్క చోటు దొరికితే టిఫిన్ డబ్బా విప్పడం, ఇదీ ఆ ఎండాకాలమంతా కరుణ దినచర్య. విశాఖపట్నంలో సోషల్ వర్క్ చదువుతోంది. సెలవుల్లో ఎక్కడైనా చేరి పని నేర్చుకు రమ్మన్నారు కాలేజీవాళ్లు. రేపల్లెలో చర్చివాళ్ల సహాయ కేంద్రంలో చేరింది. ఎనభై మూడులో జరిగిన గొడవల తరవాత సిలోన్ నుంచి వచ్చిన కాందిశీకులకు ఇక్కడ మొదటి పని చూసిపెట్టడం ఆ కేంద్రం బాధ్యత.

దాన్ని నడిపేది దేవసహాయం గారు, రిటైరైన హెడ్మాస్టరు. మొహం చూసి ఎవరికే పని నప్పుతుందో చెప్పేస్తానని ఆయనకు మహా నమ్మకం. చాలామంది విషయంలో నిజమే అయింది కూడా. రాఘవమ్మ దగ్గరకొచ్చేసరికి ఆయన పప్పులు ఉడకలేదు.

రాఘవమ్మకు నలభై ఏళ్లుంటాయి. ఆమె తాతలు ఇటువైపు నుంచే టీ తోటలకు వెళ్లారు. పేరూ నాయనమ్మదే, మాట్లాడే తెలుగూ నాయనమ్మదే. గొడవల్లో మొగుడు పోయాడు, ఇల్లు కాలిపోయింది. ఆమె వెంట వచ్చినవి ఒక మూట, కొంచెం మంచు. తెల్లవారుజామున తోటల మీద కమ్ముకునే మంచే అది. ఆమె చుట్టూ బారెడు మేర, నడి మే నెలలో కూడా, పచ్చి ఆకు వాసనతో ఆడుతూ ఉండేది. దాన్నెవరూ వింతగా చూడలేదు. బస్సులో ఆమె పక్క సీటుకి కాస్త పోటీ ఉండేది, అంతే.

చిక్కంతా పని దగ్గరే వచ్చింది. మన వైపు ఎండాకాలంలో ఆడవాళ్లకు దొరికే పనంటే ఏదో ఒకటి ఎండబెట్టడమే కదా! దేవసహాయం గారు ఆమెను మొదట ఒక రైసు మిల్లుకి పంపారు.

“మనిషి బంగారమండి, వడ్లే మొలకలొస్తన్నాయి,” అని మిల్లు యజమాని వెనక్కి పంపాడు. తెనాలిలో అప్పడాలు ఒత్తే ఇంట్లో అప్పడాలు ఆరలేదు. అడవులదీవిలో చేపలు ఎండబెట్టే మార్కు అనే ఆయనైతే స్వయంగా వచ్చి దింపి వెళ్లాడు.

“ఏమీ అనుకోమాకండి సార్. ఇంకో రోజుంటే చేపలు ఈదుకుంటా పోయేట్టున్నాయి.”

నవ్వుకోవడానికి బాగానే ఉంది. కానీ జూన్ సగానికి పని కుదరని వాళ్లను తిరిగి తమిళనాడు శిబిరానికి పంపాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆ మాట వినగానే రాఘవమ్మ కరుణ దగ్గరకొచ్చింది.

“రెండేళ్లు అక్కడ వాళ్లు కొలిచిచ్చిన బియ్యం తిన్నానమ్మా. నేనే వండుకున్నా నా కూడు అనిపించలేదు. మళ్లీ అక్కడికి పంపొద్దని చెప్పు.”

“నేను చూస్తానక్కా,” అంది కరుణ. ఏం చూస్తుందో ఆమెకే తెలీదు. పైగా ఆమె బుర్ర నిండా ఆ మంచే. “నిద్రలో కూడా ఉంటుందా అక్కా?” అని అడిగేసింది.

“నిద్రలో మా కొండ వస్తది. తెల్లారేసరికి మంచు మళ్లీ చిక్కబడతది.”

మర్నాడు ఇద్దరూ పని వెతుక్కుంటూ బాపట్ల వెళ్లారు. బస్టాండులో నూలు మూట భుజాన పెట్టుకున్న ఒకాయన నీడ కోసం వచ్చి మంచులో నిలబడ్డాడు. చీరాల వైపు నేతగాడు, పేరు రామకోటి. కాసేపటికి మూటలోకి చెయ్యి పెట్టి నూలు తడిమాడు, మళ్లీ తడిమాడు.

“ఏంటండీ చూస్తున్నారు?” అంది కరుణ.

“పడమటి గాలికి నూలు పెళుసెక్కిపోయి మగ్గం మీద పోగు నిలవట్లేదమ్మాయి గారూ. చుట్టూ తడిగోతాలు కట్టినా గంటకే ఆరిపోతన్నాయి. ఇక్కడ నుంచుంటే వెన్నలా అయింది.” రాఘవమ్మ వైపు తిరిగాడు. “అమ్మా, మా ఇంట్లో మగ్గం పక్కన ఊరికే కూర్చోండి చాలు. కూలి ఇస్తాను.”

రాఘవమ్మ మూటతో వెళ్లి, వాళ్లింట్లోనే ఉంటూ మగ్గం పక్కన కూర్చుంది. ఒక్క పోగు తెగలేదు. ఇరుగుపొరుగు మగ్గాలవాళ్లు కుళ్లుకున్నారు. ఆమెకే సిగ్గుగా ఉండేది. ఊరికే కూర్చుంటే ఇక్కడా ఆ శిబిరం కూడే అనిపించేది. “ఏదన్నా నేర్పొదినా,” అని రామకోటి భార్య సుందరమ్మను సతాయించేది. మగ్గం మీది నిలువు పోగులు, అదే చీరల పడుగు, అయిపోయినప్పుడు పాత పోగుల కొసలకి కొత్త పోగులు ఒక్కొక్కటే అతకాలి. వేలకొద్దీ పోగులు, మెడలు పడిపోయే పని. సుందరమ్మ అది నేర్పింది. టీ చిగుళ్లు గిల్లిన వేళ్లకు ఆ మెలి తొందరగానే పట్టుబడింది.

జూన్ సగం గడువు రేపనగా ఆమె పని సంగతి తేల్చుకు రమ్మని దేవసహాయం గారు కరుణను పంపారు. వెళ్లేసరికి రాఘవమ్మ గుమ్మంలో మూటతో నిలబడి ఉంది. చుట్టూ మంచు లేదు. అది లేకుండా ఆమె మొహం చూడడం కరుణకు అదే మొదటిసారి. ఎడమ చెంప మీద చిన్న మచ్చ ఉందని అప్పుడే తెలిసింది.

“ఏమైందక్కా?”

“రాత్రి కలలో కొండ రాలేదమ్మా. ఈ మగ్గమే వచ్చింది. ముచ్చటపడి లేచి చూస్తే మంచు లేదు.” మూట చంకలోకి ఎత్తుకుంది. “దానికోసమేగా నన్ను పెట్టుకుంది. పద, శిబిరానికి రాసెయ్యమని సారుకి చెప్పు.”

లోపల టప్పున పోగు తెగింది. రామకోటి మగ్గం ఆపాడు. తంటాలుపడి అతికి నేస్తే మరొకటి తెగింది.  కరుణ బతిమాలుతున్నట్టు సుందరమ్మ వంక చూసింది.

సుందరమ్మ నూలు కండెలు చుడుతున్నదల్లా చెయ్యి ఆపి కసిరింది. “మంచు కోసమే పెట్టుకున్నాంలే, లేదన్నామా? నిన్నటిదాకా పోగు తెగలేదు, నీకు పెద్ద పని లేదు. ఇప్పుడు తెగుతుంది. నువ్వు పోతే అతికేదెవరు? నాకు కళ్లానవు, ఆయన అతుకుతూ కూర్చుంటే నేత సాగదు. ఆ మూట లోపల పెట్టొచ్చి కూర్చో.”

రాఘవమ్మ కదల్లేదు. కన్నీళ్లు మాత్రం కారుతున్నాయి, దాచుకోవడానికి మంచు లేదు. ఇంతలో మూడో పోగు తెగింది. ఆమె మూట గుమ్మంలోనే వదిలేసి లోపలికి నడిచింది. కొంగుతో వేళ్లు తుడుచుకుని రెండు కొసలూ వెతికి పట్టుకుంది, మెలిపెట్టింది, లాగి చూసింది.

“ఊఁ, ఇంక నెయ్యన్నా,” అంది.