మెషీన్లో వేసిన పెనం

మణికట్టు విరిగి కుడిచేతికి కట్టు పడ్డాక, పంతులమ్మగారి వంటింటి భారమంతా భర్త నెత్తికెత్తుకున్నాడు. మూడోరోజు పొద్దున ఆమె లేచి వచ్చేసరికి, గిన్నెలు కడిగే మెషీన్ పక్కన ఆయన ముఖం చేటంత చేసుకుని నిలబడి ఉన్నాడు.

“రాత్రే ఒక్కటి కూడా మిగల్చకుండా అన్నీ ఇందులో వేసేశా!”

ఆమె గబగబా మెషీన్ దగ్గరికి వెళ్లింది. తలుపు తీసి చూస్తే, పాతికేళ్లుగా నూనె పట్టించి నిగనిగలాడించుకున్న ఇనుప పెనం ఎర్రగా తుప్పు పట్టి ఉంది. చెక్క గరిటె నిలువునా చీలిపోయింది.

“ఇవి చేత్తోనే కడగాలండీ. కడగ్గానే తుడిచి నూనె రాయాలి.”

“ముందే చెప్పొచ్చుగా!” అంటూ ఆయన చిన్నబుచ్చుకున్నాడు.

తిట్టడానికి ఆమెకు నోరు రాలేదు. మూడురోజులుగా తనకు జడ వేస్తున్నది కూడా ఆయనే. ఎడమచేత్తో పీచు అందుకుని రుద్దబోతే పెనం జారిపోయింది తప్ప తుప్పు కదల్లేదు. ఆయన పెనం పట్టుకున్నాడు, ఆమె రుద్దింది. అరగంటకి కాస్త తుప్పు వదిలింది కానీ, దానితోపాటు పాత నునుపూ పోయింది.

“మళ్లీ మామూలవుతుందా?” అని ఆయన భయంభయంగా అడిగాడు.

“నా చెయ్యి బాగవ్వనివ్వండి, చూద్దాం,” అని ఆమె చేతులుడిగి కుర్చీలో కూలబడింది.