బోంగ్‌సూ గజ్జలో గుడ్డు

గాంగ్‌జిన్ బజారు చివర మట్టి జాడీలు అమ్మే ప్యో బోంగ్‌సూకి యాభై తొమ్మిదో ఏట కుడి గజ్జలో ఒక గుడ్డు లేచింది. మొదట పిట్టగుడ్డంత ఉండేది. ఎండాకాలం వెళ్ళేసరికి కోడిగుడ్డయింది. పడుకుంటే లోపలికి పోయేది, లేచి నిలబడితే బయటికొచ్చేది. ఇక పెద్ద గూన జాడీ ఎత్తాడంటే పిలవని పేరంటానికి వచ్చినట్టు అతనికన్నా ముందే వచ్చి కూచునేది.

బోంగ్‌సూ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ప్యాంటు జేబులో చెయ్యి పెట్టి, గుడ్డుని వేళ్ళతో లోపలికి నొక్కి, అలాగే పట్టుకుని బేరాలాడేవాడు. బజారులో ఆడవాళ్ళు ఆ చేతిని చూసీ చూడనట్టు మొహం తిప్పుకునేవారు. ఎదురుగా ఎండుచేపలు అమ్మే ఆవిడకి అంత మర్యాద లేదు.

"ఏం బోంగ్‌సూ, ఉందో పోయిందో గంటకోసారి తడిమి చూసుకోవాలా?" అని నలుగురిలో అడిగేసింది.

సిగ్గు ఒక్కటే అయితే ఎలాగో దిగమింగేవాడు. ఇద్దరు మోసే గూనని ఒక్కడే భుజానికెత్తి కొన్నవాళ్ళ పెరటిదాకా చేరుస్తాడని అతనికి ఆ చుట్టుపక్కల పేరు. ముప్ఫై ఏళ్ళుగా ఆ పేరు మీదే బతుకుతున్నాడు. చలి మొదలవగానే ఊరు ఊరంతా క్యాబేజీలు తెచ్చి కిమ్చీ ఊరేస్తుంది. అప్పుడు జాడీల కోసం జనం ఎగబడతారు. బోంగ్‌సూకి పేగు జారిందని తెలిస్తే ఇంకేం మిగులుతుంది?

అందుకే ఆదివారాలు స్నేహితులతో కలిసి ఊరి స్నానశాలకి వెళ్ళడం మానేశాడు. అక్కడ అందరూ దిగంబరులే, దాచుకోవడానికి అరచెయ్యంత తువ్వాలు తప్ప ఏమీ ఉండదు. ఇంట్లోనే తలుపు గడియ పెట్టుకుని నీళ్ళు పోసుకునేవాడు. గుడ్డు కదలకుండా ఉంటుందని బిగుతైన డ్రాయర్లు అరడజను కొన్నాడు. అక్కడే దొరికిపోయాడు. పెళ్ళయిన ముప్ఫై నాలుగేళ్ళలో తన డ్రాయరు తాను కొనుక్కున్న పాపాన పోలేదు మరి.

అతని భార్య ఓక్‌బున్ తలుపు గడియనీ, కొత్త డ్రాయర్లనీ కలిపి చూసుకుంది. ఒక పొద్దున జాడీల మధ్య అతన్ని నిలదీసింది.

"ఎవత్తయ్యా అది?"

"ఏది?"

"ఆ డ్రాయర్లు ఎవత్తికి చూపించడానికి కొన్నావంటున్నా!"

బోంగ్‌సూ నీళ్ళు నమిలాడు. నమిలేకొద్దీ ఆమెకి అనుమానం బలపడింది. చీపురు పక్కన పడేసి, రెండు చేతులా అతని ప్యాంటు పట్టుకుని ఒక్క లాగు లాగింది. సోయా ముద్ద దాచుకోవడానికి చిన్న జాడీ బేరమాడుతున్న ముసలమ్మ ఒకావిడ అక్కడే ఉందన్న సంగతి ఇద్దరికీ గుర్తులేదు.

ఓక్‌బున్ వంగి చూసింది. మళ్ళీ చూసింది.

"మూడోది ఎప్పుడొచ్చిందయ్యా నీకు?"

ముసలమ్మ కూడా వచ్చి, కళ్ళు చికిలించి పరీక్షగా చూసింది. "ఇది ఆడదాని గొడవ కాదే అమ్మాయ్. పేగు జారింది. మా మరిదికీ అచ్చం ఇలాగే వచ్చింది," అని తేల్చేసింది. "అది సరేగానీ, మూతతో కలిపి ఎంతకిస్తావ్?"

మర్నాడే మొగుణ్ణి బస్సెక్కించి మోక్‌పో ఆసుపత్రికి లాక్కుపోయింది ఓక్‌బున్. అక్కడి డాక్టరు యోమ్‌కి నిండా ముప్ఫై అయిదేళ్ళు లేవు. బోంగ్‌సూని నిలబెట్టి, గజ్జ మీద వేలుపెట్టి దగ్గమన్నాడు. బోంగ్‌సూ మర్యాదగా దగ్గాడు.

"అది గొంతు సవరించుకోవడం. దగ్గండి బాబాయ్ గారూ."

ఈసారి దగ్గితే గుడ్డు డాక్టరు వేలిని పైకి తోసింది.

"హెర్నియా. పొట్టగోడకి బొక్క పడింది, అందులోంచి పేగు తొంగి చూస్తోంది. కోసి లోపలికి తోసి, అతుకు వేసి కుట్టేయాలి."

"అతుకా?" బోంగ్‌సూకి పౌరుషం వచ్చింది. "అతుకు వేసిన జాడీ నేను అమ్మను డాక్టరు గారూ. మందిస్తే తగ్గదా?"

"బొక్క మందు తాగితే పూడుతుందా?"

"పోనీ, క్యాబేజీల రోజులు అయ్యేదాకా ఆగితే?"

"ఆ పేగు అందులో ఇరుక్కుపోతే రక్తం ఆడదు. కుళ్ళిపోతుంది. అప్పుడు గంటల్లో ప్రాణం మీదికొస్తుంది. క్యాబేజీల దాకా ఆగమని దానికి మీరే చెప్పండి."

ఓక్‌బున్ మొగుడి వంక చూడనైనా చూడకుండా వచ్చే మంగళవారానికి ఒప్పేసుకుంది.

మంగళవారం పొద్దున్నే ఒక నర్సు రేజరు పట్టుకొచ్చి అతని కింది భాగమంతా నున్నగా గొరిగేసింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. బోంగ్‌సూ పైకప్పులో పలకలు లెక్కపెట్టుకుంటూ పడుకున్నాడు.

"కదలకండి బాబాయ్ గారూ, తెగితే నాకు మాటొస్తుంది."

"తెగితే నీకు మాటేనమ్మా, నాకు వంశం!"

తర్వాత వెన్నులో సూది గుచ్చారు. కాసేపటికి నడుము కింద ఏమీ లేకుండా పోయింది. "నా కాళ్ళెక్కడ పెట్టారు?" అని అడిగాడు. ఎవరూ నవ్వలేదు. మొహానికి అడ్డంగా పచ్చ గుడ్డ కట్టారు. నొప్పి తెలియడం లేదుగానీ, ఎవరో తన ఇంట్లో జొరబడి బీరువా సర్దుతున్నట్టు లోపల లాగుడు తెలుస్తోంది. పచ్చ గుడ్డ అవతల డాక్టరు యోమ్, అతని సహాయకుడూ మధ్యాహ్నం ఏం తినాలో మాట్లాడుకుంటున్నారు. చల్లటి నూడిల్స్ అంటాడు ఒకడు, ఈ చలిలో ఏం చల్లటి నూడిల్స్, కుడుములు తిందామంటాడు ఇంకొకడు. నిన్న సాయంత్రం నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టని బోంగ్‌సూకి ఒళ్ళు మండింది.

"కుడుములే తినండి! ముందు నన్ను కుట్టేసి వెళ్ళండి!" అని అరిచాడు.

అంతలా అరిచినవాడే, తలవైపు నిలబడ్డ ఆ పొద్దున గొరిగిన నర్సు పిల్లనే పిలిచి, "చలిగా ఉందమ్మా, కాస్త చెయ్యి పట్టుకో," అన్నాడు. ఆ పిల్ల ఏమీ అడగకుండా పట్టుకుంది. కుట్లు పూర్తయ్యేదాకా అతను వదల్లేదు.

వార్డులో పక్క మంచం మీద మోక్ హెడ్మాస్టారు ఉన్నారు. రిటైరైన మనిషి, రెండు రోజుల కింద అపెండిక్స్ తీయించుకున్నారు. కోతలయిన వాళ్ళకి అక్కడ ఒకటే నియమం: పిత్తు వస్తేనే గంజి. అది వచ్చిందంటే పేగులు పని మొదలుపెట్టినట్టు. రాకపోతే సెలైనే గతి. నర్సు పూటకోసారి రాసుకునే అట్ట పట్టుకొచ్చి మంచం మంచానికీ తిరిగేది.

"వచ్చిందా మాస్టారూ?"

"అపానవాయువు ఇంకా విడుదల కాలేదమ్మా," అనేవారు హెడ్మాస్టారు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

"మీకు బాబాయ్ గారూ?"

"పిత్తు రాలేదు సిస్టర్!" అని మొగుడి బదులు ఓక్‌బున్ వరండాలోకి వినబడేలా చెప్పేది. చూడ్డానికి వచ్చిన ప్రతి చుట్టానికీ అదే మాట.

మూడోనాడు మధ్యాహ్నం హెడ్మాస్టారి పాత విద్యార్థులు ఆరుగురు సూట్లు వేసుకుని వచ్చారు. అందరూ ఉద్యోగస్థులే. వరసగా నిలబడి నడుము వంచి నమస్కారం చేశారు. హెడ్మాస్టారు దిండుకి ఆనుకుని, బలహీనమైన గొంతుతో, మనిషికి ఓర్పు ఎంత అవసరమో చెప్పడం మొదలుపెట్టారు. "ఓర్చుకున్నవాడికి కాలమే..." అంటుండగా దుప్పటికింద నుంచి కొండమలుపులో లారీ హారను కొట్టినట్టు ఒకటి వచ్చింది. పొడుగ్గా, ఆగి, మళ్ళీ అందుకుని.

ఆరుగురూ మళ్ళీ నడుములు వంచి, ఇక ఎత్తలేదు. హెడ్మాస్టారు కళ్ళు మూసుకున్నారు.

ఓక్‌బున్ లేచి నిలబడింది. "వచ్చింది! మాస్టారికి వచ్చింది! సిస్టర్, గంజి!" అని చప్పట్లు కొట్టింది.

నవ్వితే కుట్లు కొరుక్కు తింటాయని బోంగ్‌సూకి తెలుసు. దిండు తీసి గజ్జకి అదుముకున్నాడు, దుప్పటి నోట్లో కుక్కుకున్నాడు. ప్రయోజనం లేకపోయింది. "చచ్చాను తల్లీ, ఎవరైనా ఆపండి" అని ఏడుస్తూ నవ్వాడు, నవ్వుతూ ఏడ్చాడు. ఆ ఊపులో అతనిదీ బయటపడింది, చిన్నదే. నర్సు అట్టమీద రెండు గీతలు గీసింది. ఇద్దరికీ గంజి వచ్చింది. హెడ్మాస్టారు చెంచా ఎత్తబోతూ, "తమదీ విడుదలైనట్టుంది, సంతోషం," అన్నారు గంభీరంగా.

వారానికి ఇల్లు చేరాడు, రొయ్యలాగా వంగి నడుస్తూ. స్నానానికి వెళ్ళి కిందికి చూసుకుంటే సర్వం నల్లవంకాయ రంగు తిరిగి ఉంది. గావుకేక పెట్టాడు. ఓక్‌బున్ పరుగెత్తుకొచ్చింది.

"కమిలిపోతుందనీ, రెండు వారాల్లో అదే పోతుందనీ డాక్టరు చెప్పలేదా? నేను విన్నానుగా. నువ్వు కుడుముల గురించి ఆలోచిస్తున్నావేమో."

రెండు నెలలు టీకెటిల్‌కి మించిన బరువు ఎత్తకూడదన్నారు. సరిగ్గా అప్పుడే చలి ముదిరింది, క్యాబేజీల లారీలు దిగాయి. బోంగ్‌సూ దూదికోటు తొడుక్కుని పొయ్యి పక్కన పీట మీద కూచుని, ఇక ఈ ఏడు వ్యాపారం మునిగినట్టేనని మొహం వేలాడేశాడు. మునగలేదు. ఓక్‌బున్ గూనని కొంచెం వాల్చి, అడుగు అంచు మీద గిర్రున తిప్పుకుంటూ నడిపించుకుపోతోంది. పిల్లకి నడక నేర్పుతున్నట్టుంది చూడ్డానికి.

"అది ఎప్పుడు నేర్చుకున్నావే?"

"నువ్వు గూన భుజానికెత్తుకుని ఊరేగడానికి వెళ్ళినప్పుడల్లా, ఇక్కడ మిగతావాటిని ఎవరు సర్దారనుకున్నావ్? జాడీకి కాళ్ళుంటాయయ్యా. ఎత్తుకోమని అది అడగదు."

పని లేదు కనుక బోంగ్‌సూకి రోజంతా పెళ్ళాన్ని చూస్తూ కూచోవడమే పనైంది. నాలుగోనాడు అతనికి ఒకటి కనబడింది. ప్రతి గూన ముందూ ఓక్‌బున్ ఒక్క క్షణం ఆగుతోంది, నడుముకి చుట్టుకున్న గుడ్డ బిగిస్తోంది, ఎడమచేత్తో బొడ్డు దగ్గర ఒక నొక్కు నొక్కుతోంది. ఇంకెవరైనా అయితే గమనించరు. నాలుగు నెలలు జేబులో చెయ్యి పెట్టుకుని తిరిగినవాడికి ఆ నొక్కు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

"ఏమే, ఇలా రా. ఆ గుడ్డ విప్పు."

"పట్టపగలు ఏంటయ్యా, ఒళ్ళు బాగయినట్టుందే!"

"విప్పి, దగ్గు."

ఆమె నవ్వబోయి ఆగింది. అతని మొహం చూసి గుడ్డ విప్పింది. దగ్గితే బొడ్డు పక్కన పనసగింజంత బుడిపె పొడుచుకొచ్చింది.

"ఎన్నాళ్ళయింది?"

"చిన్నదాని కాన్పప్పటిది."

చిన్నకూతురికి ఇరవై ఆరేళ్ళు. బోంగ్‌సూ లేచి పీటని ఆమె వైపు జరిపాడు. తన గుడ్డు నాలుగు నెలల్లో బజారునీ, ఆసుపత్రినీ, ఒక హెడ్మాస్టారినీ కదిలించింది.

"ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"చెబితే ఏం చేసేవాడివి? గూన నువ్వెత్తావు, బిడ్డని నేనెత్తాను. అడగలేదు, చెప్పలేదు. గుడ్డ కట్టుకుంటే ఆగుతుంది. ఈ బజారులో నాలాంటోళ్ళు ఎంతమందో."

"రేపే బస్సెక్కుదాం."

"క్యాబేజీలు అయ్యాక చూద్దాంలే."

"క్యాబేజీల దాకా ఆగుతానని అది నీకు కాయితం రాసిచ్చిందా?" అని గొంతెత్తాడు. కుట్టు చుర్రుమంది, అయినా తగ్గలేదు.

మర్నాడు తెల్లారి ఇద్దరూ బస్టాండులో నిలబడ్డారు. మధ్యలో దుప్పట్లూ గిన్నెలూ కుక్కిన సంచీ ఉంది. నువ్వెత్తకూడదంటే నువ్వెత్తకూడదని ఇద్దరూ చెరో వైపూ దాన్ని కాలితో తోసుకుంటూ బస్సుదాకా చేర్చారు. డ్రైవరు దిగొచ్చి తిట్టుకుంటూ లోపల పడేశాడు.

ఓక్‌బున్ తొమ్మిదో రోజుకి ఇంటికొచ్చింది. బోంగ్‌సూ అప్పటికి కొట్టు ముందు ఒక చెక్క కట్టాడు: "జాడీలు అమ్మబడును. మోయబడవు." మొదట్లో జనం గొణిగారు. రెండు రోజులకి తోపుడుబళ్ళు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. అక్షరాలు మరీ వంకరగా ఉన్నాయని ఓక్‌బున్ ఆ చెక్క దింపించి మళ్ళీ రాయించింది.