తాళం తీసినా ఆగని ఇంజను

పెద్దకోడలి నోరు పెద్దది. ఈ సంగతి ఆవిడ వినని చోట చెప్పుకోవడం ఒంటికి మంచిది గనక, ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది. మనసు మాత్రం వెన్న. అత్తామామలు పోయి ఏళ్ళు గడిచినా ఆ వీధిలో ఆవిడ పెద్దకోడలే, తోడికోడలు చిన్నకోడలే. అన్నదమ్ములిద్దరివీ ఒకే ప్రహరీలో రెండిళ్ళు, మధ్యలో రేకుల షెడ్డు. వీధి వైపు ఇంట్లో అన్న రొట్టెలు కాలుస్తాడు. ఆ పొయ్యి ముందు నుంచి పక్కకు జరిపితే ఆయనకు ఎటు పోవాలో కూడా తెలియదు. కాల్చిన రొట్టెల్ని టీకొట్లకూ, హాస్టళ్ళకూ, ఆసుపత్రి క్యాంటీనుకూ చేర్చేది పెద్దకోడలు, తన పాత పెట్రోలు పికప్పులో.

ఆ పికప్పు ఎడమ తలుపు బయటి నుంచి లాగితే తప్ప రాదు. హారన్ కొడితే వైపర్లు ఆడతాయి. అయినా సరే, దాన్ని ఎవరైనా డొక్కు బండి అన్నారంటే వాళ్ళ ఏడు తరాలనూ కడిగి ఆరేసేది. అలాంటి బండి ఒకనాటి ఉదయం వంతెన ఎక్కుతూ ఎక్కుతూ పెద్దగా దగ్గి, నీలంగా పొగ వదిలి, ఆగిపోయింది.

మేస్త్రి వచ్చి చూశాడు. పని తెలిసినవాడే గానీ అతని నోట్లోంచి ఒక వాక్యం పూర్తిగా బయటికి రావాలంటే ఎదుటివాళ్ళు కుర్చీ వేసుకుని కూర్చోవాలి. అందుకే అందరూ అతన్ని నిదానం మేస్త్రి అంటారు.

"అక్కా... దీని పని..." అన్నాడు.

"అయిపోయిందా?"

"అయిపోయింది. ఇలాంటి ఇంజను... ఇప్పుడు..."

"దొరకదు. అంతేగా?"

"దొరకదు. ఏదన్నా డీజిలు ఇంజను దొరికితే... మార్చి పెడతా."

దొరికితే కదా! పెద్దకోడలు వారం పాటు కనపడ్డ ఆటోనల్లా పిలిచి రొట్టెలు పంపింది. అవి చేరేసరికి సగం నలిగిపోయేవి. మొదట హాస్టలువాళ్ళు సణిగారు. తరవాత ఆసుపత్రి క్యాంటీనువాళ్ళు పక్క వీధి బేకరీ దగ్గర తీసుకోవడం మొదలుపెట్టారు. బండి లేకపోతే పొయ్యి చల్లారిపోతుందని తెలుస్తూనే ఉంది. ఆవిడకు తిండి సయించలేదు, తిట్లూ రాలేదు. ఆవిడ తిట్టకపోవడం చూసి మొగుడు హడలిపోయాడు.

అప్పుడు చిన్నకోడలు వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, "అక్కా, మా వ్యాను ఇంజను తీసుకో" అంది.

ఆ వ్యాను సంగతి ఆ ప్రహరీలో ఎవరూ ఎత్తరు. రెండేళ్ళ కిందట వానలో కల్వర్టు మీద జారి పల్టీ కొట్టింది. మరిదికి కుడికాలు మోకాలి కింద నుంచి పోయింది. వ్యాను ఒక పక్క అప్పడంలా నలిగినా ఇంజను మాత్రం చెక్కు చెదరలేదు. దాన్ని తెచ్చి షెడ్డు వెనక పెట్టి పట్టా కప్పేశారు. ఆ రోజు నుంచి మరిది షెడ్డు వైపు అడుగు పెట్టలేదు. ఆ వైపు కిటికీ కూడా తియ్యనివ్వలేదు. ముందు గదిలో కూర్చుని రేడియో వింటాడు. అడిగినదానికి ఊఁ అంటాడు, లేదంటే ఉహూఁ అంటాడు. ఒకప్పుడు వదినను ఆటపట్టించకుండా ముద్ద మింగని మనిషి!

"మరిదిని అడిగావుటే?" అంది పెద్దకోడలు మెల్లగా.

"అడిగాను. దాంతో నాకేం పని, తీసుకెళ్ళమను అన్నారు."

"సంతోషంగానే అన్నాడా?"

చిన్నకోడలు తల వంచుకుంది. "సంతోషంగా ఏమన్నారు గనకక్కా, ఈ రెండేళ్ళలో!"

పెద్దకోడలు తోడికోడల్ని గట్టిగా పట్టుకుంది. "నా నెత్తిన పాలు పోశావే తల్లీ. నీ కడుపు చల్లగా ఉండ!" అని ఏడ్చేసింది. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, అదే ఊపులో మరిదికి కూడా చెప్పేద్దామని వెనక ఇంటికి వెళ్ళింది. అతను రేడియో చెవి దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు.

"మరిదీ, ఆ ఇంజను..."

"వదినా, ఆ మాట తప్ప ఇంకేదైనా మాట్లాడు."

అంతే. రేడియో గొంతు పెంచాడు. ఆవిడ అంత పెద్ద నోరూ మూసుకుని తిరిగొచ్చింది. ఇచ్చాడా, వదిలించుకున్నాడా? మనిషికి మిగిలిన ఒక్కదాన్నీ తను పట్టుకుపోతోందా? ఇంజను వస్తున్నందుకు ఏనుగెక్కినంత సంబరంగా ఉంది. ఆ సంబరాన్ని చెప్పుకోవలసిన మనిషే వినకపోతే అది ముల్లులా గుచ్చుకుంటోంది.

పని మొదలైంది. షెడ్డు దూలానికి చైన్‌పుల్లీ కట్టి పాత ఇంజనును పైకెత్తి తీశారు. ఆ చోటు ఖాళీగా, పన్ను పీకిన చిగురులా ఉంది. డీజిలు ఇంజను దానికంటే బరువు, పొడుగు కూడా. కూర్చోబెడితే కూర్చోదు. ఇంజను ఆనే దిమ్మలు కోసి, కొత్తవి వెల్డింగు చేసి, గేర్‌బాక్సుకూ దానికీ మధ్య ఇనప పళ్ళెం బిగించి, రేడియేటర్ను ముందుకు జరిపాడు మేస్త్రి. పెద్దకోడలు పక్కనే నిలబడి స్పానర్లు అందించింది, సలహాలు కూడా అందించింది. మేస్త్రి స్పానర్లు మాత్రం తీసుకున్నాడు. చిన్నకోడలు ఇంజనుకు పట్టిన మట్టినంతా కిరసనాయిల్లో ముంచిన గుడ్డతో తుడిచింది. వెనక ఇంటి కిటికీ మూసే ఉంది.

ఇంజను కూర్చుంది. డీజిలు డబ్బా ఒకటి పైన వేలాడదీసి, దానికి తాత్కాలికంగా పైపు తగిలించి, పైపులో గాలి తీసి, బ్యాటరీ కలిపి, మేస్త్రి చేతులు తుడుచుకున్నాడు.

"అక్కా, రేడియేటరు పైపుకి క్లిప్పు తేవాలి. నేనొచ్చేదాకా... దీన్ని..."

"సరే, సరే, వెళ్ళిరా!"

"అది కాదక్కా... తాళం..."

"నా దగ్గరే ఉందయ్యా. నువ్వు వెళ్ళు, కొట్టు మూసేస్తాడు!"

మేస్త్రి మిగతా సగం మింగేసి సైకిలెక్కాడు.

పెద్దకోడలు సీట్లో కూర్చుంది. ఎన్నాళ్ళయిందో ఆ సీట్లో కూర్చుని! స్టీరింగు నిమిరింది. చెయ్యి దానంతటదే తాళం దగ్గరికి పోయింది.

"వద్దక్కా, మేస్త్రిని రానీ" అంది చిన్నకోడలు.

"లైట్లు వెలుగుతాయో లేదో చూస్తానే. నేనెరగని తాళమా ఇది!"

తిప్పింది. అటు తిప్పిన చెయ్యి కాస్త ఎక్కువే తిప్పింది. ఇంజను ఒక్కసారి ఒళ్ళు విరుచుకుని, ధడధడమని అందుకుంది. షెడ్డు రేకులు అదిరాయి. పెద్దకోడలు కేక పెట్టింది, సంతోషంతో! చిన్నకోడలు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది, కళ్ళలోంచి నీళ్ళు జారిపోతున్నాయి. రెండేళ్ళ తరవాత అదే చప్పుడు. మొగుడు ఇంటికొస్తున్నాడని వీధి మలుపులోనే చెప్పే చప్పుడు.

ఆ కళ్ళనీళ్ళలోంచే చిన్నకోడలికి రేడియేటరు పైపు కిందికి వేలాడుతూ కనిపించింది.

"అక్కా, నీళ్ళు! లోపల నీళ్ళు లేవు! ఆపెయ్యి!"

పెద్దకోడలు తాళం వెనక్కి తిప్పింది. ఇంజను ఆగలేదు. మళ్ళీ తిప్పింది. ఆగలేదు. తాళం ఊడబెరికి చేతిలో పట్టుకుంది. ఇంజనుకు చీమ కుట్టినట్టయినా లేదు. పెట్రోలు బండి తాళం తీస్తే ఆగుతుంది, నిప్పురవ్వ ఉండదు గనక. డీజిలుకు ఆ రవ్వతో పనే లేదు. ఈ సంగతే మేస్త్రి పాపం తన సగం వాక్యంలో చెప్పబోయాడు. ఆవిడ గేరు వేసింది. చక్రాల దాకా వెళ్ళే షాఫ్టు ఇంకా బిగించలేదు, బండి కదల్లేదు. దిగి బ్యాటరీ తీగ పీకేసింది. ధడధడ ధడధడ. చప్పుడు మాత్రం గరగరలోకి మారుతోంది, కాలిన వాసన మొదలైంది.

"ఏవండీ! నీళ్ళండీ! నీళ్ళు!"

మొగుడు పొయ్యి వదిలి, చేతికందిన పిండి బకెట్‌నిండా నీళ్ళు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. బండి పోతే పోయింది, పొయ్యి ఆరితే ఆరింది. మరిది ఇంజను! రెండేళ్ళు పట్టా కింద భద్రంగా ఉన్నదాన్ని తన చేతులతో చంపేస్తోంది. ఇక ఆ మనిషి మొహం ఎలా చూడాలి?

"అన్నయ్యా, పొయ్యకు! వేడి మీద పగిలిపోద్ది!"

వెనక ఇంటి గుమ్మంలోంచి వచ్చిందా కేక. మరిది. ఒక చంకలో కర్ర, రెండో చెయ్యి గాల్లో, పడతాడో లేస్తాడో అన్నట్టు దూకుతూ వస్తున్నాడు. చిన్నకోడలు పట్టుకోబోతే విదిలించుకున్నాడు. బానెట్ మీదికి వంగి, కర్ర పడిపోతే పడనిచ్చి, చూడకుండానే ఇంజను పక్కగా చెయ్యి దూర్చాడు. అక్కడ వేలెడంత మీట ఉంది. దాన్ని బొటనవేలితో నొక్కి పట్టుకున్నాడు.

ఇంజను రెండుసార్లు ఊగి ఆగింది.

మరిది ఇంజను మీద అరచెయ్యి పెట్టి, చురుక్కుమని తీసేసి, మళ్ళీ పెట్టాడు. చెవి దగ్గరగా పెట్టి విన్నాడు.

"ఏం కాలేదు. ఇంకాసేపయితే పట్టేసి బిగుసుకుపోయేది." అప్పుడు తలెత్తాడు. "నీకేమైనా బుద్ధుందా వదినా? నీళ్ళు లేకుండా స్టార్టు చేస్తారా ఎవరైనా? ఇది రొట్టెల పొయ్యి అనుకున్నావా, అంటించి చూద్దామని?"

రెండేళ్ళలో అతను మాట్లాడిన అతి పెద్ద మాట అది. పెద్దకోడలు ఆ తిట్లను కళ్ళు మూసుకుని విన్నది. ఎవరైనా తిడితే ఇంత హాయిగా ఉంటుందని ఆవిడ ఎన్నడూ అనుకోలేదు.

"బుద్ధి లేదయ్యా. ఇంకో నాలుగు తిట్టు" అంది.

అతను తిట్టలేదు. ఇంజనుకే ఆనుకుని నిలబడ్డాడు. "ఇది కూడా పోయిందనే అనుకున్నా వదినా" అన్నాడు. "ఆ రోజు నాతోపాటే పోయింది, నేనే పోగొట్టాను అనుకున్నా. గదిలో దీని గొంతు వినపడేసరికి..." చిన్నకోడలు వచ్చి భుజం కింద నిలబడింది. ఈసారి విదిలించుకోలేదు.

మేస్త్రి క్లిప్పుతో తిరిగొచ్చేసరికి మరిది రొట్టెల పెట్టె బోర్లించుకుని దాని మీద కూర్చుని, ఏ పైపు ఎటు పోవాలో చెబుతున్నాడు. సాయంత్రానికి నీళ్ళు నిండాయి, షాఫ్టు బిగిసింది. మిగిలింది ఒక్కటే. లోపలి నుంచే ఇంజను ఆపడానికి ఆ మీట నుంచి సీటు దాకా ఒక తీగ లాగాలి.

పెద్దకోడలు మేస్త్రిని గోడ చాటుకు లాక్కెళ్ళింది. "ఆ తీగ బిగించావంటే నీ చెయ్యి విరగ్గొడతా."

"మరి... ఎలా ఆపుతావక్కా?"

"ఆపడానికి నాకు మనిషున్నాడు. నువ్వు తీగ దొరకలేదని చెప్పు. నిదానంగానే చెప్పు."

మర్నాడు రొట్టెలు ఎక్కించి వెనక ఇంటి తలుపు కొట్టింది. "మరిదీ, నువ్వు రాకపోతే బండి ఆగదయ్యా."

మరిది ఆవిడ మొహంలోకి చూశాడు. ఆ తీగ బిగించడం ఎంత చిటికెలో పనో అతనికి తెలుసు. తెలుసని ఆవిడకూ తెలుసు. అతను కర్ర అందుకున్నాడు. ఎడమ తలుపు ఆవిడే బయటి నుంచి లాగింది.

దారిలో ఆ కల్వర్టు వచ్చింది. మరిది ఎదురుగా ఉన్న డాష్‌బోర్డు అంచు గట్టిగా పట్టుకున్నాడు. పెద్దకోడలు బండి నెమ్మది చేసింది. ఆవిడ నోరు మూసుకుని నడిపిన దారి అదొక్కటే. దాటాక అతను ఊపిరి వదిలి, "గేరు తప్పు వేశావు వదినా" అన్నాడు. అంతే, హాస్టలు వచ్చేదాకా ఇద్దరూ కీచులాడుకున్నారు.

రొట్టెలన్నీ వేసి షెడ్డుకు తిరిగొచ్చారు. ఆవిడ తలుపు లాగాక మరిది దిగి, బానెట్ ఎత్తి, మీట నొక్కాడు. ఇంజను ఆగింది.

"చాలా సంతోషమయ్యా. నువ్వు చేసిన మేలు నేను మర్చిపోను" అంది పెద్దకోడలు.

"దేనికి వదినా? మీట నొక్కినందుకా?"

"ఆఁ. మీట నొక్కినందుకే."

మరిది మాట మార్చలేదు, పక్కకు చూడలేదు. ఆవిడ ఇంకా ఏమేమి చెబుతుందో అన్నీ నిలబడి విన్నాడు. అంతా అయ్యాక బానెట్ మెల్లగా దించి, "రేపు కూడా పిలువు" అన్నాడు.