కత్తిరించి దాచిన ముక్కలు

పొద్దున ఆరింటికి పర్శరాములు మీట నొక్కుతాడు. నాలుగు సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, ఒక్కసారిగా మొదలవుతాయి. ఇక ఆ ఇంట్లో మాట వినపడదు. ఏది కావాలన్నా చేతుల సైగలతోనే చెప్పుకుంటారు. అతని భార్య పద్మలత గోడవారన కూచుని కండెలు చుడుతుంది. ఆ కండెల నూలే సాంచాల్లో పడి బడిపిల్లల యూనిఫాం గుడ్డ అవుతుంది.

కండె చుట్టిన మనిషి ఒంట్లో ఉన్నది గుడ్డలో పడటం ఆ వాడలో కొత్త కాదు. అత్త ఐలవ్వకు జ్వరమొచ్చిన వారం నేత వదులుగా వచ్చింది. పక్కింటి వందనకు నెల తప్పిన సంగతి ఆమెకంటే ముందు నూలిచ్చే ఆసామికి తెలిసింది. ఆసామి అలాంటి గుడ్డను తిప్పి పంపుతాడు, అంతే.

పద్మలత గుడ్డలో మచ్చ మొదలై రెండేళ్లు. తానుకొకటి, ఎడమ అంచుకు జానెడు లోపల. మొదట ఆవగింజంత, ఇప్పుడు రూపాయి బిళ్లంత. మచ్చను కత్తిరించి, ఆ చోట పోగులు కలిపి రఫూ చేస్తుంది. పారేస్తే ఎవరైనా చూస్తారని ముక్కలను పాలపొడి డబ్బాలో దాస్తుంది.

నెలసరి కాని రోజుల్లో రక్తం కనిపించడం మాత్రం ఆరు నెలల నుంచే. భర్తకు చెప్పాలని చాలాసార్లు అనుకుంది. సాంచాలు నడుస్తుంటే వినపడదు. కరెంటు పోతే గొంతు పక్కింటి దాకా పోతుంది.

జూన్‌లో నర్సు సక్కుబాయి కరెంటు లేని వేళ చూసుకుని వచ్చింది.

“ముప్పై దాటినోళ్లందరు దవాఖానకు రావాలె పద్మా. గర్భసంచి మూతికాడ వైరస్ ఉన్నదా లేదా చూస్తరు.”

“నాకేమైందక్కా, మంచిగనే ఉన్న.”

“గా వైరస్ అట్లనే ఉంటది. పదేండ్లు సప్పుడు చెయ్యకుంట కూసుంటది. చానమందికి దానంతటదే పోతది. పోనోళ్లకే క్యాన్సర్ దాకా తెస్తది.”

“యాడికెల్లి వస్తది?”

“కాపురం చేసినోళ్లకు ఎవ్వరికైనా రావచ్చు. ఎప్పుడొచ్చిందో ఎవ్వలు చెప్పలేరు. అందుల తప్పు పట్టేదేం లేదు.”

అరుగు మీద బీడీలు చుడుతున్న వందన తలెత్తింది. పద్మలతకు ఆ చూపు చాలు. పరీక్షలో ఏదైనా తేలితే, ఎవరి నుంచి ఎవరికి అంటుకుందని వాడంతా ఆరా తీస్తుంది.

“ఆర్డరున్నదక్కా. సాంచాలు ఆగుతయ్,” అంది.

ఆగస్టులో ఒకరోజు నల్లా నీళ్లు పట్టుకుని లోపలికి వస్తుంటే సాంచాలు ఆగాయి. కరెంటు పోయిందనుకుంది. పంకా తిరుగుతూనే ఉంది. మీట దగ్గర ఐలవ్వ నిలబడి ఉంది. సూది కోసం వెతికినట్టుంది, డబ్బా మూత తీసి ఉంది. మంచం మీద ముక్కలు చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా పరిచి ఉన్నాయి.

“రక్తం గూడ పోతుందా?”

పద్మలత తలూపింది.

“మా తోటికోడలు గుడ్డల గిట్లనే వచ్చింది. నేనే కత్తిరించిన. మంచిగ రఫూ చేసిన, ఆసామి గూడ పట్టలే. ఇద్దరం నవ్వుకున్నం.” ఐలవ్వ కొంగుతో మూతి తుడుచుకుంది. “ఏడాదికి మనిషి పోయింది.”

“ఏందే అవ్వా, ఆర్డరు ఎల్లుండికియ్యాలె,” అంటూ వచ్చాడు పర్శరాములు.

“ఇయ్యకు. కోడల్ని తీస్కొని కరీంనగర్ పో.”

పద్మలత రక్తం సంగతి భర్తకు చెప్పింది. సాంచాలు ఆగిన ఇంట్లోంచి ఆ మాట వాడంతా వినపడింది. అతను అన్నిటికంటే పెద్ద ముక్కను చేతిలోకి తీసుకున్నాడు.

“నాకెందుకు చెప్పలే?”

“దీనికి సైగ లేదు.”

కరీంనగర్‌లో డాక్టర్ మధులిక గుడ్డ ముక్కలను ఒక్కొక్కటే చూసి, ఏది ఏ నెలదో అడిగి రాసుకుంది. తర్వాత పద్మలత ఒంట్లోంచి బియ్యపు గింజంత ముక్క తీసి, సీసాలో వేసి పరీక్షకు పంపింది. పది రోజులకు రిపోర్టు వచ్చింది. వైరస్ ఉంది. కణాలు మారాయి. లోపలికి ఇంకా పాకలేదు.

“ఇంకో ఏడాది ఆగితే నేను వేరే మాట చెప్పాల్సి వచ్చేది,” అంది డాక్టరు. చెడిన మేర తీసేసింది. ఆరు నెలలకోసారి రమ్మంది.

నెల తర్వాత పద్మలత మళ్లీ గోడవారన కూచుంది. అదే గోడ, అదే చప్పుడు. వందన ఇంకా పలకరించడం లేదు.

మొదటి తాను దిగింది. పర్శరాములు దాన్ని వెలుగుకు పట్టి చూశాడు. ఎడమ అంచుకు జానెడు లోపల మచ్చ లేదు. ఆ చోట చిన్న రఫూ ఉంది, పోగు పోగూ కలిసి. అది ఎవరూ వేసింది కాదు. ఆసామి తిప్పి పంపుతాడని అతను కత్తెర అందుకున్నాడు.

ఐలవ్వ గుడ్డ మీద అరచెయ్యి అడ్డం పెట్టి, ఉండనీ అని సైగ చేసింది.