కోత కూడు

వాయుగుండం పట్టిందని టీవీలో చెప్పారు. నరసింగరావు వరిచేను పండి ఒరిగి ఉంది. పక్క చేలో కోత మిషను తిరుగుతోంది. దాని డ్రైవరు గట్టు మీదకొచ్చి, కోయిస్తే ఇప్పుడే, మళ్ళీ ఇటు రానన్నాడు. నరసింగరావు సరేనన్నాడు. ఎండ ముదరకముందే కోత అయిపోయింది.

ఆ చేను ఏటా నలుగురు కోసేవారు. నరసింగరావు, అతని ఈడువాడు పోతురాజు, వాళ్ళకంటే చిన్నవాడు త్రినాథ్, మొగుడు పోయిన కూర్మమ్మ. ఒకరి చేలోకి ఒకరు బదులు పనికి వెళ్ళేవారు. కూలి లేదు. కోత ముగిసిన రాత్రి చేను గలవాళ్ళింట్లో భోజనం. దాన్ని కోత కూడు అంటారు. చేలో చెయ్యి పెట్టినవాళ్ళకే ఆ కూడు. ఎంత దగ్గరవాడైనా, కోయనివాడు ఆ పంక్తిలో కూర్చోడు.

నరసింగరావు ధాన్యం ఇంటికి చేర్చి, మూడు ఇళ్ళకీ వెళ్ళి, "రాత్రికి కోత కూడుకి రండి" అని గుమ్మంలోంచే చెప్పి వచ్చేశాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాడు.

అతని భార్య దాలమ్మ కందిపప్పు ఉడకేసింది. చీపురుపల్లి నుంచి తెచ్చిన ఎండు రొయ్యలు వేసి వంకాయ కూర చేసింది. పచ్చి చింతకాయలు నూరింది. ఏటా అంతే వంట.

పొద్దు వాలకముందే కబుర్లు వచ్చాయి. పోతురాజుకి జ్వరమట. త్రినాథ్‌కి కడుపునొప్పట. కూర్మమ్మ ఏ కబురూ పంపలేదు.

"అందరికీ ఒక్క దినమే రోగాలొచ్చినాయేటి?" అంది దాలమ్మ. "ఆళ్ళకి సెప్పకుండా మిషను దింపినావు. ఈ కూడు ఆ మిషనుకే పెట్టు."

"వానొస్తాదన్నారు గదే."

"మిషనోడితో మాటాడినావు. ఆళ్ళతో ఒక్క మాట అననేదు."

కోత కూడుకి రాలేదంటే బదులు పని తెగినట్టే. రేపు ఊడుపులకి వాళ్ళు పిలవరు, నరసింగరావు పిలవలేడు. ఆ ముగ్గురూ తప్ప అతనికి ఊళ్ళో పక్కన కూర్చునే మనుషులు లేరు. కండువా భుజాన వేసుకుని బయల్దేరాడు.

పోతురాజు అరుగు మీద ముగ్గురూ ఉన్నారు. మధ్యలో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు.

"జొరమన్నావు," అన్నాడు నరసింగరావు.

"తగ్గిపోనాది."

"నీకు కడుపునొప్పేటి?"

"కాయలు తింటే నెమ్మదించినాది మావా," అన్నాడు త్రినాథ్.

ఎవరూ నవ్వలేదు. నరసింగరావు మెట్టు మీద కూర్చున్నాడు. పోతురాజు జరిగి చోటివ్వలేదు.

"అన్నం సల్లారిపోతన్నాది. రండి."

"ఏటని రమ్మంటావు బావ?" అన్నాడు పోతురాజు. "నీ కోతకని కొడవళ్ళు నూరుకుని కూకున్నాం. ఈ త్రినాథ్ ఇటికల బట్టీ పని మానీసినాడు. మిషను సప్పుడు ఇని గట్టు కాడికొచ్చినాం. నువ్వు దాని ఎనకాల నడుస్తన్నావు."

"మిమ్మల్ని సూడనేదు."

"ఎలా అగుపిస్తాం. అది మాకంటే పెద్దది గదా."

కూర్మమ్మ కాయ ఒలుస్తూ అంది. "మిషను దింపడం తప్పు కాదన్నా. వాన ఎవుల మాటా ఇనదు. ఆనక మా గుమ్మంలోకొచ్చి కోత కూడుకి రమ్మన్నావు సూడు, అదే తప్పు. ఏటి కోసినామని తింటాం? ఉత్తి అన్నానికి రమ్మంటే ఒచ్చీదాన్ని. ఎగతాళి సేస్తన్నావనుకున్నాను."

అప్పుడు తెలిసింది నరసింగరావుకి. ఏటా అనే మాటే, నోటికొచ్చింది, అనేశాడు. ఇప్పుడు మార్చి, ఉత్తి అన్నానికే రండి అనొచ్చు. వస్తారు కూడా. కానీ కోత కూడు ఇంక లేదని తన నోటితో తనే చెప్పినట్టవుతుంది.

"సెప్పకపోడం నా తప్పే," అన్నాడు. "ఉత్తి అన్నానికి మాత్రం పిలవను."

"మరేటి సేస్తావు?"

"మూలల్లో మిషను తిరగనేదు. కాలవ పక్కన కూడా కొంత ఒగ్గీసినాది. రేపు నానే కోసుకుందామనుకున్నాను. ఇంకా ఎలుగున్నాది."

పోతురాజు తొక్కలు చేత్తో ఒక పక్కకి నెట్టాడు. కూర్మమ్మ లేచి, "నా కొడవలి తెచ్చుకుంతాను," అని ఇంటివైపు నడిచింది.

"నాకు కడుపునొప్పి మావా," అన్నాడు త్రినాథ్.

"ఎల్లి ఒంగరా, తగ్గుతాది," అన్నాడు పోతురాజు.

మిషను తొక్కిన నేల మెత్తగా ఉంది. మడమలు దిగబడుతున్నాయి. కొడవళ్ళ చప్పుడే వినిపిస్తోంది. కాలవ పక్క పైరు పడిపోయి ఉంది. దాన్ని లేపి లేపి కోశారు. చీకటి పడేవేళకి పనలు కట్టి నెత్తిన పెట్టుకుని నలుగురూ ఇంటికొచ్చారు. దాలమ్మ పనలు చూసింది. కూర మళ్ళీ పొయ్యి మీద పెట్టింది.

వరసగా కూర్చున్నారు.

"రొయ్యలు తగ్గించీసినావు సెల్లీ," అన్నాడు పోతురాజు, రెండో ముద్ద మింగి.

"మీరు కోసినంత కోతకి అయ్యే సాలు," అంది దాలమ్మ. మళ్ళీ కూర వేసింది.

"పై ఏడు కూడా మిషనేనా మావా?" అడిగాడు త్రినాథ్.

"ఏమోరా. సెప్పి తెస్తాను."

"తెస్తే మూలలు బాగా ఒగ్గమని సెప్పన్నా," అంది కూర్మమ్మ.

పోతురాజు పప్పు కలుపుకుంటూ, "నా సేనింకా పచ్చిగున్నాది. అక్కడికి మిషను దిగదు, దారి నేదు," అన్నాడు. "పండితే కబురెడతాను. కొడవలట్టుకుని రా బావ."

"ఒస్తాను," అన్నాడు నరసింగరావు.